చూపించగలిగిన పేరు పెట్టండి

పంతులుగారు జన్మనక్షత్రం చూసి, పాదం లెక్కగట్టి ఒక అక్షరం చెబుతారు. ఇక బారసాల దాకా ఆ ఇంట్లో అందరికీ అదే పని. మేనత్త ఫోన్లో నాలుగు పేర్లు పంపుతుంది. పిన్ని ఏకంగా పట్టికే పంపుతుంది. కొత్తగా ఉండాలి, పొట్టిగా ఉండాలి, చుట్టాల్లో ఎవరికీ ఉండకూడదు అని అమ్మానాన్నలు పట్టుబడతారు. ఈమధ్య చాలామంది యువ దంపతులు ప్రకృతికి సంబంధించిన పేర్లు కావాలంటున్నారు. నది పేరో, పువ్వు పేరో, కొండ పేరో, వానో వెన్నెలో గుర్తుకొచ్చే పేరో అడుగుతున్నారు. ఆ కోరిక నాకు ఎంతో నచ్చింది. అందుకే వాళ్ళతో కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ప్రకృతి పేర్లలో మిగతా పేర్లకు లేని సుగుణం ఒకటుంది. విజయ అని పేరు పెడితే విజయాన్ని వేలితో చూపించలేం. మంజీర అని పెడితే పిల్లను మెదక్ దాకా తీసుకెళ్ళి, "ఇదిగోనమ్మా, నీ పేరు" అని చూపించవచ్చు. అందుకని నేనిచ్చే సలహా ఒక్కటే. మీ బిడ్డకు మీరు చూపించగలిగిన పేరు పెట్టండి. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రాగలిగిన ఏరు కావచ్చు, గుడి ఆవరణలో ఉన్న చెట్టు కావచ్చు, డాబా మీద నుంచి కనిపించే చుక్క కావచ్చు. పట్టికలో అర్థం చదివి మురిసిపోతే ఆ సంబరం బారసాలతో అయిపోతుంది. చూపించిన పేరు పిల్లకు జీవితాంతం ఉంటుంది.

వెతకడం మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. ప్రకృతి పేర్లంటే కొత్త మోజు అనుకుంటారు గానీ, మన తాతముత్తాతల పేర్ల నిండా కొండలూ ఏళ్ళూ ఉన్నాయి. దేవుళ్ళ పేర్లుగానే చూడటం అలవాటై మనం గమనించం, అంతే. తెలంగాణలో యాదగిరి, యాదయ్య, యాదమ్మ అనే పేర్లన్నీ యాదగిరిగుట్టవే. శ్రీశైలం అని పేరున్న మగవాళ్ళు పాలమూరు, నల్లగొండ ఊళ్ళలో ఎంతమందో. అది నల్లమల అడవుల్లో, కృష్ణ ఒడ్డున ఉన్న కొండ. ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు ఆడవాళ్ళకూ పెడతారు, మగవాళ్ళకూ పెడతారు. ఆ కొండ సంపెంగపూలకు పెట్టింది పేరు. తిరుమల ఏడు కొండల్లో శేషాద్రి, వెంకటాద్రి ఎన్ని తరాలుగా మన ఇళ్ళలో తిరుగుతున్నాయో చూడండి. కొండయ్య, కొండమ్మ, కొండలరావుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంటిపేర్లు సరేసరి. తుమ్మల, చింతల, వేముల, మర్రి అంటూ చెట్లన్నీ అక్కడే ఉన్నాయి. పిల్ల పేరును ఇంటిపేరుతో కలిపి ఒకసారి పైకి చదివి చూసుకోండి. చెట్టు పేరున్న ఇంట్లో పువ్వు పేరున్న పిల్ల పుడితే వినడానికే ముచ్చటగా ఉంటుంది.

చాలా ఇళ్ళలో పేరు దగ్గర చిన్న పేచీ వస్తుంది. నాయనమ్మ పేరు పెట్టాలని పెద్దవాళ్ళు అంటారు. పాతకాలం పేరు వద్దని పిల్లలు అంటారు. ఇక్కడ ప్రకృతి పేర్లు మీకు భలే సాయపడతాయి, ఎందుకంటే ఒకే చెట్టుకూ ఒకే కొండకూ మన భాషలో నాలుగైదు పేర్లుంటాయి. నాయనమ్మ తులసమ్మ అయితే మనవరాలికి బృంద అని పెట్టండి. బృంద అంటే తులసే. తాతగారు శ్రీశైలం అయితే శైలజ ఉంది, శైలేష్ ఉంది. అమ్మమ్మ కృష్ణవేణమ్మ అయితే వేణి చాలు. పద్మావతమ్మ మనవరాలు నళిని కావచ్చు, చంద్రమ్మ మనవరాలు ఇందు గానీ వెన్నెల గానీ కావచ్చు. సూర్యనారాయణ గారి మనవడు ఉదయ్ కావచ్చు. పెద్దవాళ్ళకు విషయం విడమర్చి చెబితే సంతోషంగా ఒప్పుకుంటారు. తన పేరు మనవరాలి పేరులో ఉందని తెలిసిన ముసలమ్మ ముఖం ఎలా వెలుగుతుందో చూడాలి. అయితే బారసాల రోజున పీటల మీద చెప్పకండి. ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి.

ఇక నదుల దగ్గరకు వద్దాం. నదుల పేర్లలో మన రెండు రాష్ట్రాలు చాలా సంపన్నమైనవి. గంగ, యమున, కావేరి అందరికీ తెలుసు. మీ జిల్లాలో పారే నది పేరు ఎప్పుడైనా తలిచారా? శ్రీకాకుళం వాళ్ళకు నాగావళి, వంశధార ఉన్నాయి. విజయనగరం వాళ్ళకు చంపావతి ఉంది. అనకాపల్లి పక్కన పారే ఏరు శారద. శ్రీకాళహస్తి గుడిని ఆనుకుని వెళ్ళేది స్వర్ణముఖి. నెల్లూరు వాళ్ళు పెన్నను పినాకిని అంటారు, శివుడి విల్లు పినాకం పేరు మీద. భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో నడిచి గోదావరిలో కలిసే కిన్నెరసానిని విశ్వనాథ సత్యనారాయణ పాటలుగా రాశారు. కిన్నెర అని పిలిస్తే ఎంత తియ్యగా ఉంటుందో ఒకసారి పలికి చూడండి. కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరే ప్రాణహిత పేరుకు ప్రాణులకు మేలు చేసేది అని అర్థం. ఆడపిల్లకు అంతకన్నా మంచి పేరు నాకు తోచదు.

మంజీర గురించి కాస్త ఎక్కువ చెప్పాలనుంది. మంజీరం అంటే కాలి అందె. ఏడుపాయల దగ్గర ఆ నది ఏడు పాయలుగా చీలి బండల మధ్య నుంచి పారుతుంది. మంచి వానలు పడ్డాక వెళితే నీళ్ళు బండల మీద నుంచి దూకే చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది. అందె పేరు ఎందుకు వచ్చిందని పిల్ల అడిగితే జవాబు మీరు చెప్పక్కర్లేదు, నది చెబుతుంది. అక్కడి నుంచి అది కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మంజీర అనే అమ్మాయికి ఆరేడేళ్ళు వచ్చాక ఆ సంగమం కూడా చూపిస్తే, నదులు ఎలా కలుస్తాయన్నది బడిలో చెప్పకముందే తెలుసుకుంటుంది.

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా విడిపోతుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ ఆ పాయల పేర్లే. గౌతమి ఆడపిల్లకు, వశిష్ఠ మగపిల్లాడికి చక్కగా సరిపోతాయి. ఒకే ఇంట్లో అక్కా తమ్ముళ్ళకు ఈ రెండు పేర్లు పెట్టి, ఇద్దరూ ఒకే తల్లి పాయలని చెప్పవచ్చు.

కరువు సీమలో నది పేరు పెట్టేవారికి ఒక మాట. చిత్రావతి లాంటి నదుల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. పిల్ల చూసి "నీళ్ళేవి?" అని అడుగుతుంది. దాచకండి. వాన పడితేనే పారే ఏరని, ఎగువన పడిన వాన ఇక్కడికి ఎలా వస్తుందో చెప్పండి. నీళ్ళొచ్చిన ఏడు మళ్ళీ తీసుకెళ్ళండి. నది మురికిగా ఉంటే అదీ నిజంగానే చెప్పండి. తన పేరు మోసే నదిని పట్టించుకునే మనిషి ఒకరు పెరగడం ఆ నదికీ మంచిదే.

పువ్వుల పేర్లలో అర్థం తారుమారయ్యే ప్రమాదం ఎక్కువ. ఇక్కడ జాగ్రత్త కావాలి. నీరజ అంటే నీటిలో పుట్టింది, తామర. నీరద అంటే నీటినిచ్చేది, మబ్బు. నీరధి అంటే నీటిని ధరించేది, సముద్రం. చివరి అక్షరం మారితే కొలనులోంచి ఆకాశానికీ, ఆకాశంలోంచి సముద్రానికీ వెళ్ళిపోతాం. జలజ, జలద, జలధి కూడా అంతే. అంబుజ, అంబుద, అంబుధి అంతే. వారిజ, వారిద, వారిధి అంతే. వారిధిలో గుడి పోయి వారధి అయితే అది వంతెన. తామర, మబ్బు, సముద్రం మూడూ మంచి పేర్లే. కానీ మీరు తామర అనుకుని మబ్బును పిలవకూడదు కదా. వనజ అంటే అడవిలో పుట్టినదని చాలామంది అనుకుంటారు. వనం అన్న మాటకు నీరు అనే అర్థం కూడా ఉంది. వనజ కూడా తామరే. శైలజ, గిరిజ, హిమజ ముగ్గురూ కొండకు పుట్టిన పార్వతి. కుముద రాత్రి వికసించే కలువ. కౌముది వెన్నెల. ఇంటర్నెట్లో కనిపించే పట్టికల్లో వీటిని అటూ ఇటూ కలిపేసిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి పేరు ఖాయం చేసేముందు ఒక నిఘంటువు తెరవండి. తెలుగు మాస్టారినో, సంస్కృతం తెలిసిన పెద్దలనో అడగండి. ఐదు నిమిషాల పని.

హైదరాబాద్‌లో 1879లో పుట్టిన సరోజినీ నాయుడు పేరుకు తామరల కొలను అని అర్థం. ఆమె కూతురు పద్మజ, అంటే పద్మంలో పుట్టినది. పద్మజ 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా పనిచేశారు. తల్లి కొలను, బిడ్డ ఆ కొలనులోని పద్మానికి పుట్టిన లక్ష్మి. తల్లి పేరును బిడ్డ పేరుతో ఇలా అల్లుకోవడం ఎంత అందంగా ఉందో చూడండి. మీ పేరులో కూడా ఏదో ఒక చెట్టో, కాంతో, ఋతువో ఉండే ఉంటుంది. దాన్నుంచి బిడ్డ పేరు పుట్టించవచ్చు. పువ్వుల పేర్లు ఆడపిల్లలకే అనుకోకండి. ఒలింపిక్స్‌లో ఈటె విసిరి బంగారు పతకం తెచ్చిన నీరజ్ చోప్రా పేరు తామరే. అరవింద్ కూడా తామరే.

వకుళ అనే పేరు ఈమధ్య మళ్ళీ వినిపిస్తోంది. వకుళ అంటే పొగడ. ఈ చెట్టు పాత గుళ్ళలో, పార్కుల్లో, కొన్ని ఊళ్ళలో రోడ్ల పక్కన కూడా ఉంటుంది. నీడ దట్టంగా ఉంటుంది గనుక దాని కింద నడుస్తాం, తల ఎత్తి చూడం. పువ్వు చిటికెనవేలి గోరంత ఉంటుంది, మీగడ రంగులో, అంచుల్లో సన్నని మొనలతో. తెల్లవారేసరికి చెట్టు కింద రాలి ఉంటాయి. పువ్వు నడుమ చిన్న రంధ్రం ఉంటుంది కాబట్టి సూది లేకుండా ఉత్త దారంతోనే పిల్లలు దండ గుచ్చేయగలరు. ఎండిపోయినా వాసన పోదు. పాతకాలం ఆడవాళ్ళు బట్టల పెట్టెలో వేసుకునేవారు. వకుళ అని పేరు పెట్టిన తల్లిదండ్రులు ఒక పొద్దున పిల్లను ఆ చెట్టు కిందకు తీసుకెళ్ళి పూలు ఏరించి దండ గుచ్చిస్తే, ఆ పేరు ఎందుకు పెట్టారని ఆ పిల్ల ఇంకెప్పుడూ అడగదు.

శమి అనే పేరు ఎందుకో ఎక్కువమంది తలవరు. శమి అంటే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. అజ్ఞాతవాసానికి వెళుతూ పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు. రెండే అక్షరాలు, ఎవరైనా పలకగలరు. ప్రతి దసరాకూ ఊరంతా ఆ చెట్టు దగ్గరకే వెళుతుంది, ఆకులు బంగారమని పంచుకుంటుంది. ఏటా ఊరు ఊరంతా కలిసి చూపించే పేరు ఇంకేముంది?

చుక్కల పేర్లకు మన పల్లెల్లో రెండో అర్థం ఉంది. రోహిణి ఆకాశంలో ఎర్రటి చుక్క, చలికాలం సాయంత్రాల్లో కనిపిస్తుంది. రైతుకు మాత్రం రోహిణి అంటే మే చివర వచ్చే కార్తె, రోళ్ళు పగిలే ఎండ. జూన్‌లో మృగశిర చల్లబరుస్తుంది, ఆర్ద్ర విత్తనాలు వేయిస్తుంది. స్వాతి వాన చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని నమ్మకం. కృత్తికలను పల్లెల్లో పిల్లలకోడి అంటారు. చిన్న చిన్న చుక్కలు ఒకచోట గుమిగూడి ఉంటాయి కాబట్టి. మీ పాపకు కృత్తిక అని పెడితే శీతాకాలంలో దాన్ని చూపించి ఈ పల్లె పేరు కూడా చెప్పండి, పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది. మీ పెళ్ళిలో పగటిపూట అరుంధతిని చూపించి ఉంటారు. మీరు చూశామని తలూపి ఉంటారు. వేసవి రాత్రుల్లో ఉత్తరాన సప్తర్షి మండలం చూడండి. తోకలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు. కళ్ళు చిట్లించి చూస్తే పక్కనే సన్నగా అరుంధతి. ఆ తోక వంపు వెంట అలాగే చూపు పోనిస్తే నారింజ రంగులో మెరిసేది స్వాతి, ఇంకాస్త ముందుకు పోతే చిత్ర.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఈ చుక్కల పేర్లే మరీ మరీ చెబుతాను. డాలస్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా రోహిణి, స్వాతి అవే. ఇక్కడి అమ్మమ్మ, అక్కడి మనవరాలు ఒకే చుక్కను చూస్తారు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉన్నవారికి అరుంధతి కనిపించదు, అక్కడ స్వాతి మేలు. తార, ఉష, ఇందు, వెన్నెల లాంటి పేర్లు ఏ దేశంలో అయినా పలకగలరు. జ్యోత్స్న చాలా అందమైన పేరు, కానీ బయటి దేశాల్లో పిల్ల రోజూ దిద్దుకుంటూ ఉండాలి. ఆ అర్థమే కావాలనుకుంటే వెన్నెల ఉంది కదా.

మనుస్మృతి మూడో అధ్యాయంలో నక్షత్రాలు, చెట్లు, నదులు, కొండలు, పక్షుల పేర్లున్న కన్యలను పెళ్ళి చేసుకోవద్దని ఒక మాట ఉంది. దాన్ని పట్టుకుని నది పేరు వద్దనే పెద్దలు ఇప్పటికీ ఒకరిద్దరు తగులుతారు. బలరాముడి తల్లి రోహిణి, భార్య రేవతి. మన ఇళ్ళలో గంగమ్మలు, తులసమ్మలు తరతరాలుగా పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు. ఆ భయం అవసరం లేదు. అదే గ్రంథం రెండో అధ్యాయంలో ఆడపిల్ల పేరు సుళువుగా పలికేలా, అర్థం తేటగా తెలిసేలా, మనసుకు హాయిగా ఉండాలని చెబుతుంది. ఆ మాట తీసుకోండి, అది ఇప్పటికీ సరైనదే, మగపిల్లలకు కూడా.

అక్షరం విషయంలో కంగారుపడకండి. రోహిణి నక్షత్రానికి ఓ, వా, వీ, వూ చెబుతారు, వారిజ, వాసంతి సులువుగా దొరుకుతాయి. స్వాతికి రూ, రే, రో, తా, రేవ అనవచ్చు, అది నర్మదకు మరో పేరు. తార ఉండనే ఉంది. హస్త మూడు నాలుగు పాదాలకు ణ, ఠ వస్తాయి. ఆర్ద్ర మూడో పాదానికి ఙ వస్తుంది. వాటితో పేరు వెతికి వెతికి చివరకు అర్థం లేని అక్షరాల కూర్పుతో సరిపెట్టుకునేవారున్నారు. అలా చేయవద్దు. సంకల్పంలో చెప్పుకోవడానికి జన్మనామం వేరే పెట్టుకుని, పిలిచే పేరు మనసుకు నచ్చింది పెట్టుకోవడం మన ఆచారంలో ఉన్నదే. పంతులుగారిని అడగండి, కాదనరు.

ఈ సంపద ఏ ఒక్క మతానిదీ కాదు. హైదరాబాద్ ఇళ్ళలో షబ్నమ్ అంటే మంచుబిందువు, నర్గిస్ ఒక పువ్వు, నసీమ్ పిల్లగాలి, సాహిల్ తీరం. మన క్రైస్తవ కుటుంబాల్లో షారోన్ అనే పేరు ఎంతో ఇష్టంగా పెట్టుకుంటారు, అది బైబిల్లోని సముద్రతీర మైదానం. కర్మెల్ అనేది కొండ పేరు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చివరకు తిప్పలు పడేది అక్కడే. జననం 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. కానీ పేరు అప్పుడే ఇవ్వనక్కర్లేదు. 12 నెలల్లోగా ఏ రుసుమూ లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ళ వరకు చేర్పించవచ్చు. అందుకని ఆసుపత్రిలో ఎవరో తొందరపెడుతున్నారని ఏదో ఒక పేరు రాయించేయకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి చాలా పనులకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారం. కనుక ఇంగ్లిషు అక్షరాలు ముందే ఖాయం చేసుకోండి. స్వాతిలో 'త'కు టి ఒక్కటేనా, పక్కన హెచ్ కూడానా? నళినిలో ళ ఇంగ్లిషులో ల అయిపోతుంది, దానికి మనసు సిద్ధం చేసుకోండి. ఒకసారి రాసిందే ఆధార్‌లో, బడి రికార్డులో, పాస్‌పోర్టులో అక్షరం తేడా లేకుండా ఉండాలి. తెలుగులో ఎలా రాయాలో కూడా ధ్రువపత్రంలో సరిచూసుకోండి. నీరధిని నీరది అని రాసేస్తే పిల్ల పేరులోంచి సముద్రం పోతుంది.

బారసాల రోజున పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాస్తారు, చెవిలో మూడుసార్లు చెబుతారు. ఆ వేడుకను ఫోటోలు తీసుకుని దాచుకుంటాం. దానితో పాటు ఇంకో పని చేయండి. ఆ పేరు ఎందుకు పెట్టారో, ఎవరు సూచించారో, ఆ నది ఎక్కడ పుడుతుందో, ఆ పువ్వు ఎప్పుడు పూస్తుందో ఒక పుటలో రాసి పిల్ల ధ్రువపత్రాలతో పాటు పెట్టండి. అమ్మమ్మలూ తాతయ్యలూ ఉన్నప్పుడే వాళ్ళ మాటల్లోనే రాయించండి.

2027లో గోదావరికి పుష్కరాలు వస్తున్నాయి. మీ ఇంట్లో గౌతమి, వశిష్ఠ, ప్రాణహిత, మంజీర ఎవరున్నా గోదావరి దగ్గరకు తీసుకెళ్ళండి. పసిపిల్లలతో ఆ రద్దీ కష్టమనుకుంటే పుష్కరాల దాకా ఆగవద్దు, ముందే ఏ మామూలు ఆదివారమో వెళ్ళి రండి. నది పేరు కాక చెట్టు పేరో చుక్క పేరో పెట్టుకున్నవారికీ ఇదే నా విన్నపం. పిల్లను బడిలో వేసేలోగా ఒక్కసారైనా తన పేరును తన కళ్ళతో చూడనివ్వండి.